పాత చర్చికి కావాల్సింది సున్నం, సంఘం

నేను చూసినంతలో మన ఊళ్ళలో వయసు మీదపడి కూలిన పాత చర్చిలు తక్కువ. బాగుచేద్దామని మొదలుపెట్టి పాడుచేసుకున్నవే ఎక్కువ. దాత దొరుకుతాడు, కాంట్రాక్టరు వస్తాడు, క్రిస్మస్‌కల్లా అయిపోవాలంటారు. వందేళ్ళు నిలబడ్డ సున్నపు పూతను చెక్కేసి సిమెంటు పూస్తారు. నేలకు మెరిసే టైల్స్, పైన ఫాల్స్ సీలింగ్, బయట మూడు రంగుల పెయింటు, గుమ్మం పక్కన దాత పేరు చెక్కిన నల్లరాయి. ప్రారంభోత్సవం రోజున అందరికీ సంతోషమే. రెండు వానాకాలాలు గడిచేసరికి గోడ అడుగున చెమ్మ కనిపిస్తుంది. పైన పటారం, లోన లొటారం.

ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయమే ఉంది. పాత చర్చి నిలబడాలంటే ఒకేసారి పెద్ద మొత్తం కుమ్మరిస్తే చాలదు. ఏటా చిన్న చిన్న పనులు తన చేత్తో చేసుకునే సంఘం, అంటే ఆ చర్చికి వచ్చే విశ్వాసులు, ఉండాలి, ఆ గోడకు సరిపడే సామగ్రి ఉండాలి. ఈ రెండూ ఉన్నచోట డబ్బు తక్కువైనా చర్చి నిలుస్తుంది. ఇవి లేనిచోట ఎంత డబ్బు పోసినా గోడ తాగేస్తుంది.

మా అమ్మమ్మ వాళ్ళ ఊరి చర్చి ఖమ్మం వైపు ఒక చిన్న పల్లెలో ఉంది. ఇటుక గోడలు, టేకు దూలాలు, బెంగళూరు పెంకులు. మెదక్ గుడి అని పిలుచుకునే మెదక్ పెద్ద చర్చిలా దీన్ని చూడటానికి ఎవరూ బస్సులేసుకుని రారు. కొన్నేళ్ళ కింద దానికి మంచి సిమెంటు ప్లాస్టరింగు చేయించి, ఖరీదైన పెయింటు వేయించారు. ఆ తర్వాత ఉత్తరం గోడ మోకాలెత్తు వరకు నల్లబడింది. పెయింటు బుడగలు బుడగలుగా లేచింది. ఒక పెద్ద మేస్త్రీని పిలిపించారు. ఆయన తాపీ పిడితో గోడ పొడుగునా తట్టుకుంటూ నడిచాడు. కొన్నిచోట్ల గట్టిగా మోగింది, కొన్నిచోట్ల డొల్లగా. డొల్లగా మోగినచోట ఉలి పెట్టి ఒక్క దెబ్బ వేస్తే చేటంత సిమెంటు పెచ్చు ఊడి పడింది. దాని వెనక ఇటుక మీద తెల్లగా ఉప్పు పూసి ఉంది. వేలితో రాస్తే ఇటుక పొడిపొడిగా రాలింది. "తడి బయటికి పోయే దారి మూసేశారయ్యా, అది లోపలుండి ఇటుకను తింటోంది" అన్నాడు ఆయన సంఘం సెక్రటరీతో.

ఆ ఒక్క మాటలో విషయమంతా ఉంది. పాతకాలం ఇటుక గోడలకు కింద తేమను ఆపే పొర ఉండదు. నేలలోని తడిని గోడ పీలుస్తుంది. సున్నపు పూత ఉన్నంతకాలం ఆ తడి పూతలోంచి మెల్లగా ఆరిపోతుంది. తడితోపాటు వచ్చిన లవణాలు పూతలోనే గడ్డకట్టి దాన్ని రాల్చుతాయి. రాలేది సున్నం, ఇటుక భద్రం. కొన్నేళ్ళకోసారి అక్కడ మళ్ళీ సున్నం పూసుకుంటే సరిపోతుంది. సిమెంటు పూసినప్పుడు లెక్క తిరగబడుతుంది. సిమెంటు గట్టిది, తడిని దాటనివ్వదు. తడి సిమెంటు వెనకే నిలిచిపోతుంది, లేదా పైకి పాకుతుంది. లవణాలు ఇటుక లోపలే గడ్డకడతాయి. అప్పుడు రాలేది ఇటుక. పైగా సున్నంతో కట్టిన గోడ ఎండకీ వానకీ కాస్త కదులుతుంటుంది. సున్నం ఆ కదలికకు ఒదుగుతుంది. సన్నటి పగుళ్ళు పడినా, వాన నీటికి కొంచెం కరిగిన సున్నం మళ్ళీ ఆ పగుళ్ళలోనే పేరుకుని వాటిని పూడుస్తుంది. సిమెంటుకు ఆ గుణం లేదు. పగిలిందంటే పగిలిందే, ఆ పగులులోంచి నీళ్ళు లోపలికి పోతాయి, బయటికి రావు.

అన్ని గోడలకూ ఇదే స్థాయిలో ప్రమాదం అనను. మెదక్ గుడిలా గట్టి గ్రానైటుతో కట్టిన కట్టడంలో రాయి సిమెంటు కంటే గట్టిది, అది అంత సులువుగా రాలదు. అక్కడ జాగ్రత్త పడాల్సింది రాళ్ళ సందుల్లోనూ కప్పులోనూ. మెత్తటి ఇటుక గోడలకూ, మట్టి గోడలకూ సిమెంటు విషమే. మన పల్లెల్లో ఉన్న పాత చర్చిల్లో ఎక్కువ భాగం ఇలాంటివే.

ఈ పాఠం అమెరికాలో ఒక ఊరు మనకంటే ముందే నేర్చుకుంది. న్యూ మెక్సికో రాష్ట్రంలో టావోస్ దగ్గర రాంచోస్ డి టావోస్ అనే ఊళ్ళో సెయింట్ ఫ్రాన్సిస్ పేరున ఒక చర్చి ఉంది. రెండు శతాబ్దాలు దాటింది. మొత్తం పచ్చి ఇటుకలే, అంటే కాల్చని మట్టి ఇటుకలు. పైన మట్టి పూత. వెనకవైపు గోడను ఆనుకుని కొండల్లా నిలిచిన మట్టి ఊతలు చూడటానికి చిత్రకారులూ ఫోటోగ్రాఫర్లూ దూరాల నుంచి వస్తారు. అమెరికన్ చిత్రకారిణి జార్జియా ఓకీఫ్ దాన్ని ఎన్నోసార్లు చిత్రించింది. 1970లో దాన్ని జాతీయ చారిత్రక కట్టడంగా గుర్తించారు.

ఏటా మట్టి పూసే శ్రమ తప్పుతుందని 1967లో ఆ చర్చికి సిమెంటు పూత వేశారు. పగుళ్ళలోంచి వాన నీళ్ళు లోపలికి దిగాయి, ఆరే దారి లేక లోపలి మట్టి ఇటుక నానిపోయింది. పైకి అంతా బాగానే ఉంది కాబట్టి ఎవరికీ తెలియలేదు. 1979లో ఆ సిమెంటునంతా వలిచేసి మళ్ళీ మట్టి పూతకే వచ్చారు. అప్పటి నుంచి ఏటా జూన్‌లో సంఘస్థులు చేరి మట్టి, ఇసుక, గడ్డి, నీళ్ళు కలిపి గోడలకు పూస్తారు. ఆ ప్రాంతంలో గోడలు పూయడం పూర్వం నుంచీ ఆడవాళ్ళ పని. పెద్దవాళ్ళు అరచేత్తో ఎలా నునుపు చేయాలో చూపిస్తారు, పిల్లలు బురద మోస్తారు.

ఏటా పూయాల్సి రావడం ఆ పూతలో ఉన్న లోపం అనుకుంటారు చాలామంది. నేను అలా అనుకోను. ఏటా పూయాలి కాబట్టే ఏటా ఎవరో ఒకరు ఆ గోడను దగ్గరగా చూస్తారు, ప్రతి జానెడూ చేత్తో తడుముతారు. ఎక్కడ నీరు దిగుతోందో, ఎక్కడ పగులు మొదలైందో అప్పుడే పట్టుబడుతుంది. పూత పూయడం వచ్చిన మనిషి ఆ ఊళ్ళో ఎప్పుడూ ఉంటాడు. 'ముప్పై ఏళ్ళు చూడక్కర్లేదు' అనే గ్యారంటీ ఇచ్చే సామగ్రిని పూశామంటే, ముప్పై ఏళ్ళు ఎవరూ చూడరు. నా భయమంతా దాని గురించే.

మా ప్రాంతంలో వెల్ల వేయడం అలాంటి పనే. నా చిన్నప్పుడు క్రిస్మస్‌కు ముందొచ్చే అడ్వెంట్ ఆదివారాలు మొదలయ్యే ముందు చర్చికి వెల్ల వేసేవాళ్ళు. పెయింటు వచ్చాక ఆ పని ఆగిపోయింది, దాంతో గోడ ముఖం చూసేవాళ్ళూ లేకుండా పోయారు.

మేస్త్రీ మాట విన్నాక ఆ ఊరి సంఘం ఒక మంచి నిర్ణయం తీసుకుంది. ఉత్తరం గోడ వరకైనా సిమెంటు తీసేసి సున్నం పూయించాలని. డబ్బు తక్కువ కాబట్టి పని పంచుకున్నారు. పెచ్చులు తీసి, గోడను కుంచెతో దులిపి ఉప్పు రాల్చే పని యూత్ పిల్లలది. దులిపిన ఉప్పు మళ్ళీ నేలలో కలవకుండా కింద పట్టా పరిచి, బస్తాల్లో నింపి దూరంగా పారబోశారు. తర్వాత గోడను వేసవంతా అలా ఆరనిచ్చారు. ఇది చాలామందికి నచ్చలేదు. ఈస్టర్‌కి, పెళ్ళిళ్ళకి ఇటుకలు బయటపడి ఉంటే ఎలా అని గొడవ. మేస్త్రీ మాత్రం ఒప్పుకోలేదు. తడి గోడ మీద ఏది పూసినా ఆగదన్నాడు.

వానాకాలం వెళ్ళాక పని మొదలైంది. సంఘంలోని ఆడవాళ్ళ బృందం, స్త్రీల మైత్రి వాళ్ళు కరక్కాయలు దంచి నానబెట్టారు, బెల్లం నానబెట్టారు. ముందే నానేసి ఉంచిన సున్నంలో ఇసుక కలిపి, ఆ నీళ్ళు పోసి తొక్కించారు. సున్నం రుబ్బే డంగు గానుగ లేదు కాబట్టి రోకళ్ళతో దంచారు. పులిసిన బెల్లం వాసన వీధి చివరిదాకా వచ్చేది. ఒక పూత వేసి, అది గట్టిపడేదాకా ఆగి, రెండోది. ఎండ నేరుగా తగలకుండా గోనె పట్టాలు వేలాడదీసి, పొద్దునా సాయంత్రం తడిపేవాళ్ళు. ఆ తడిపే పని సండే స్కూల్ పిల్లలకు అప్పజెప్పారు. సిమెంటు పని అయితే వారంలో తేలిపోయేది, దీనికి నెలలు పట్టాయి. కానీ ఇప్పుడు ఆ ఊళ్ళో ఆ గోడ లోపల ఏముందో తెలిసినవాళ్ళు ఇరవైమందికి తక్కువ ఉండరు. అంతకుముందు ఒక్కరూ లేరు.

సున్నం పని చేసేవాళ్ళు ఇప్పుడెక్కడ దొరుకుతారు అంటారు. దొరుకుతారు. హైదరాబాదులో కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర ఆగాఖాన్ ట్రస్టు 2013 నుంచి పదేళ్ళకు పైగా పనిచేసింది. మధ్యలో మరమ్మతుల పేరుతో వేసిన సిమెంటును తొలగించి, మళ్ళీ సున్నపు పూత వేయించింది. యాదాద్రి గుట్ట మీద కొత్తగా కట్టిన గుడిలోనూ రాళ్ళ మధ్య సున్నం మిశ్రమమే వాడారు. అంటే చేసే చేతులు మన దగ్గరే ఉన్నాయి. అడిగేవాళ్ళు తగ్గితే ఆ చేతులు సెంట్రింగు పనికి వెళ్ళిపోతాయి. మన చర్చిలు, గుళ్ళు, దర్గాలు, పాత బంగళాలు ఏటా కొంత పని ఇవ్వగలిగితే ఆ విద్య బతుకుతుంది.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. అది తేలిగ్గా తీసేయదగ్గది కాదు, విశ్వాసులే అడుగుతారు. దేవుడు 'హస్తకృతములైన ఆలయములలో నివసింపడు' అని అపొస్తలుల కార్యాల్లో ఉంది కదా, ఈ గోడల మీద ఇంత మమకారం ఎందుకు? పడగొట్టి పెద్ద హాలు కట్టుకుంటే ఇంకా వందమంది కూర్చుంటారు కదా?

వాక్యం నిజమే. ఆ గోడ దేవుడికి అవసరం లేదు, ఒప్పుకుంటాను. అది మనకు అవసరం. ఎందుకో చెప్పాలంటే మెదక్ గురించి చెప్పాలి.

మెదక్ గుడి 1914లో మొదలై 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. 2024లో నూరేళ్ళ పండుగ కూడా చేసుకున్నాం. వెస్లియన్ మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ కట్టించాడు. నమూనా గీసింది ఇంగ్లండులోని బోల్టన్ పట్టణానికి చెందిన బ్రాడ్‌షా గాస్ అండ్ హోప్ సంస్థ. 100 అడుగుల వెడల్పు, 200 అడుగుల పొడవు, దాదాపు 175 అడుగుల ఎత్తు గోపురం. ఫ్రాంక్ సాలిస్‌బరీ చేసిన మూడు రంగుటద్దాల కిటికీలు. ఇవన్నీ గైడ్లు చెప్పేవే. అవి కరువు రోజులు. పనికి ఆహారం ఇచ్చి, చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చిన ఆకలిగొన్న మనుషులతో ఆ కట్టడం లేపారు. గైడు ఈ మాట కూడా చెబుతాడు, ఒక్క వాక్యంలో. నేనైతే అక్కడే ఆగుతాను. ఆ రాళ్ళు మోసినవాళ్ళలో చాలామంది పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. మెదక్, దోర్నకల్ ప్రాంతాల్లో ఆ తరంలో క్రైస్తవ సంఘాల్లో చేరినవాళ్ళలో అధికభాగం మాల, మాదిగ కుటుంబాలు. ఊళ్ళో గుడి మెట్లు ఎక్కనివ్వని కాలంలో తల ఎత్తుకుని ముందు వాకిట్లోంచి నడిచి వెళ్ళగలిగిన మొదటి పెద్ద కట్టడం వాళ్ళకు చర్చే. వాళ్ళ తాతముత్తాతలకు పొలం పట్టాలు లేవు, వంశ చరిత్రలు లేవు, ఫోటోలు లేవు. వాళ్ళ చేతిపని మిగిలింది ఆ గోడల్లోనే. దాన్ని పడగొట్టే హక్కు మన ఒక్క తరానికి ఉందని నేను అనుకోను.

ఇవి తెల్లవాళ్ళ కట్టడాలు, మనవి కావు అనే మాట కూడా విన్నాను. దోర్నకల్ వెళ్ళి అక్కడి పెద్ద చర్చి చూసినవాళ్ళు ఆ మాట అనరు. 1912లో బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్. దోర్నకల్ చర్చి కట్టించింది ఆయనే, కానీ ఇంగ్లండు చర్చికి నకలు కట్టించలేదు. గుమ్మటాలు, మినార్లు, గుడి మండపంలో ఉన్నట్టు రాతి స్తంభాలు, తామరపూల చెక్కడం, అన్నిటి మధ్యా సిలువ. డబ్బు దొరికినప్పుడల్లా కట్టుకుంటూ వస్తే చాలా ఏళ్ళు పట్టి 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది. ఆయన్ని సమాధి చేసింది కూడా దోర్నకల్‌లోనే.

స్థలం చాలడం లేదనే ఇబ్బంది నిజమైనదే. దానికి పక్కనే హాలు కట్టుకోవాలి. పాత చర్చిలో ఉదయం ఆరాధన, పెళ్ళిళ్ళు, బాప్తిస్మాలు పెట్టుకుని పండుగలకు హాలు వాడుకునే సంఘాలు ఉన్నాయి. వాడకంలో లేని చర్చి సగం కూలినట్టే కాబట్టి తాళం వేసి మ్యూజియం చేయడం కూడా నాకు ఇష్టం లేదు.

సంఘం పాల్గొనడం అంటే చాలాచోట్ల చందా రసీదు చింపడం అని అర్థం. ఆదివారం ప్రకటన చేస్తారు, తలకింత అంటారు, తర్వాత ఏం చేస్తున్నారో ఎవరికీ చెప్పరు. నిర్ణయం కమిటీలో ముగ్గురిది, పని బయటి కాంట్రాక్టరుది. సంఘానికి మిగిలేది రిబ్బను కత్తిరించే రోజు చప్పట్లు కొట్టడం. మన సంఘాలకు ఇంతకంటే మంచి అలవాటు ఉండేది. వంటకు బియ్యం తీసినప్పుడల్లా ఒక పిడికెడు వేరే కుండలో వేసి, ఆదివారం చర్చికి తెచ్చేవాళ్ళు మా అమ్మమ్మ తరం ఆడవాళ్ళు. ఆ పిడికెడు బియ్యం విలువ ఎంతో లెక్కేస్తే పెద్దదేమీ కాదు. కానీ పూటపూటకీ చర్చి గుర్తుకొచ్చేది, దాని మంచిచెడ్డల గురించి అడిగే చనువు వచ్చేది. కప్పు కారుతుంటే "ఏమయ్యా, పెంకులు సర్దించలేదా?" అని పాస్టరు అయ్యగారినే నిలదీసేది మా అమ్మమ్మ.

అన్నీ మనమే చేసుకోగలం అనడం లేదు. గోపురంలో పైనుంచి కిందికి పగులు కనిపిస్తే, దూలం కుంగితే, రంగుటద్దాల సీసపు పట్టీలు వదులైతే దాని విద్య తెలిసినవాళ్ళు రావాల్సిందే. మన ఉత్సాహం అక్కడ కీడు చేస్తుంది. కానీ పాత కట్టడాల పరిరక్షణ తెలిసిన కన్జర్వేషన్ ఆర్కిటెక్ట్‌ను పిలిచేది కూడా సంఘం ముందుకే పిలవాలి. ఆయన రిపోర్టు ఇంగ్లీషులో ఫైలులో పడి ఉండకూడదు. ఆరాధన అయ్యాక ఆయన్నే నిలబెట్టి, ఏ గోడకు ఏమైందో తెలుగులో చెప్పించాలి, ముసలమ్మలు అడిగే ప్రశ్నలకు జవాబు ఇప్పించాలి. ఏ కిటికీ ఎప్పుడు మార్చారో, వరద ఏ ఏడు ఎక్కడిదాకా వచ్చిందో వాళ్ళకు తెలుసు, ఆర్కిటెక్టుకు తెలియదు.

చేయాల్సిన పనుల్లో ఎక్కువ భాగం ఏ శిలాఫలకానికీ పనికిరానివి. ఇప్పుడు నేను చూసే ప్రతి ఊళ్ళో పాత చర్చికి పెద్ద శత్రువు ముందున్న సీసీ రోడ్డు. పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే మళ్ళీ మళ్ళీ కాంక్రీటు పోస్తారు. వీధి లేస్తూ ఉంటుంది, చర్చి నేల పల్లంలోకి పోతుంది. నీరు పల్లమెరుగు అన్నట్టు వీధి నీళ్ళన్నీ గోడ మొదట్లోకే చేరతాయి. అది చాలదన్నట్టు చర్చి చుట్టూ గోడను ఆనుకుని సిమెంటు గచ్చు చేయిస్తారు. నేల ఊపిరి ఆడక తడి అంతా గోడలోకి ఎక్కుతుంది. గోడకు మూడడుగుల దూరం వరకు ఆ గచ్చు పగలగొట్టి, కంకర పోసి, నీళ్ళు దూరంగా పోయేలా కాలువ తీస్తే సగం చెమ్మ తగ్గుతుంది. అలాగే గోపురం సందుల్లో మొలిచే రావి మొక్కలు. వేలెడంత ఉన్నప్పుడు పీకేస్తే ఐదు నిమిషాల పని, చేతిమందం అయ్యాక పీకితే రాయితో సహా ఊడుతుంది. తూముల్లో ఆకులు, కప్పులో జరిగిన పెంకు, దూలం మొదట్లో చెద. ఇంగ్లీషు రచయిత, కళాకారుడు విలియం మారిస్ 1877లో పాత కట్టడాల పరిరక్షణకు ఇంగ్లండులో సంఘం పెట్టినప్పుడు కూడా గట్టిగా చెప్పింది ఇదే. రోజువారీ సంరక్షణతో శిథిలం కాకుండా ఆపండి, పునరుద్ధరణ పేరుతో కొత్తది చేయకండి అని.

చివరగా డాలస్, న్యూజెర్సీ, లండన్‌లలో స్థిరపడ్డ మనవాళ్ళకు ఒక మాట. ఊరి చర్చి మీద మీకున్న ప్రేమ నాకు తెలుసు. పెద్ద రిపేర్లన్నీ మీ డబ్బుతోనే జరుగుతున్నాయి. ఈసారి పంపేటప్పుడు టైల్స్‌కని, ఆర్చికని పంపకండి. చర్చి పేరున బ్యాంకులో డిపాజిట్ వేయించండి. అసలు ముట్టకుండా, వడ్డీతో ఏడాదికి రెండుసార్లు మేస్త్రీ కూలీ ఇవ్వాలని, ఒకసారి మే నెలలో వానలకు ముందు, ఒకసారి నవంబరులో వానలు వెళ్ళాక గోడలూ కప్పూ తనిఖీ చేయించాలని చర్చి వ్యవహారాలు చూసే పాస్టరేట్ కమిటీ చేత తీర్మానం రాయించండి. ఆ రోజు మేస్త్రీతో పాటు సంఘంలోంచి ఇద్దరు పెద్దవాళ్ళు, ఇద్దరు యూత్ పిల్లలు తిరగాలి. చూసింది ఒక రిజిస్టరులో తేదీతో రాయాలి, ఫోటో అతికించాలి. మీరు సెలవులకు ఊరొచ్చినప్పుడు ఆ రిజిస్టరు అడగండి. పేజీ ఖాళీగా ఉంటే ఎందుకుందో ఆరాధన అయ్యాక అందరి ముందూ అడగండి.